రంగు చెరిపిన పెట్టె

మా వైపు సిపాయి సెలవు మీద వస్తే భుజానికి సంచి తగిలించుకొని వస్తాడు. నల్ల ఇనుప పెట్టెతో వచ్చాడంటే కొలువు అయిపోయినట్టు. పింఛన్‌తో అయిపోయిందా, మెడపట్టి గెంటేస్తే అయిపోయిందా అన్నది వాడి వయసు చూసి జనమే తేల్చుకుంటారు. నేను మర్పల్లి స్టేషన్‌లో ఆ పెట్టె దింపుకున్నప్పుడు నాకు ఇరవై నాలుగు కూడా నిండలేదు. పింఛన్‌కు ఆ వయసు చాలదని అక్కడ చాయ్ తాగుతున్న వాళ్లందరికీ తెలుసు.

వాళ్లలో ఒకాయన దగ్గరికొచ్చి పెట్టెను చూసి, నా ముఖం చూసి, మళ్లీ పోతానా లేదా అని అడిగాడు. పోతానన్నాను. ఎక్కడికన్నాడు. విమానం నడపడానికన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా గ్లాసు పట్టుకొని వెనక్కి వెళ్లిపోయాడు. ఊరు చేరేసరికి నాకంటే ముందే నా కథ చేరి ఉంటుందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అనుమానం మా ఇంటి ఆస్తి. గొర్లు కాచే ఇల్లు మాది. తోడేలు ఏ పొదలో ఉందో, గొర్రె ఎందుకు దగ్గిందో, పక్క మంద వాడు మన మంద దగ్గర ఎందుకు ఆగాడో, అన్నీ అనుమానించాలి. అనుమానించని వాడికి మంద మిగలదు. నేను గొర్లను వదిలేసి సైన్యంలో చేరాను గానీ, ఆ గుణాన్ని వదల్లేకపోయాను.

అసలు సంగతి ఇది. సైన్యంలో నాది వైర్‌లెస్ సెట్ దగ్గర పని. ఒక ఏడాది మంచుకొండల మీద ఉన్నాం. మాకు బియ్యం, కిరోసిన్, ఉత్తరాలు తెచ్చేది హెలికాప్టరే. అది వస్తుంటే గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత కిందికి దిగిందో సెట్‌లో చెప్పేవాణ్ని. చెప్పీ చెప్పీ నాకు కడుపుమంట మొదలైంది. గాలి సంగతి చెప్పేది నేను, ఎగిరేది ఇంకొకడు. ఒకరోజు మబ్బు కమ్మి ఆ పైలట్ మా దగ్గరే చిక్కుబడ్డాడు. మా బంకర్‌లో చాయ్ తాగుతూ, సిపాయిలు కూడా పరీక్ష రాయొచ్చనీ, పాసైతే వాయుసేనలో పైలట్‌గా చేరొచ్చనీ చెప్పాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. ఇంకో ఇద్దరిని అడిగి ఖాయం చేసుకున్నాకే నమ్మాను.

డ్యూటీ చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశాను. పరీక్షకు అనుమతి అడిగితే మా హవల్దార్ నన్ను కిందికీ మీదికీ చూసి, కొండ దిగడానికి ఇదో కొత్త ఉపాయమా అన్నాడు. పరీక్ష పాసై ఇంటర్వ్యూకు పోతే అక్కడి ఆఫీసరూ అదే చూపు చూశాడు. ఇవాళ వాళ్లను వదిలి వస్తున్నవాడివి, రేపు మమ్మల్ని వదలవని ఏమిటి నమ్మకం అన్నాడు. ఆ తర్వాత ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. చేతులూ కాళ్లూ కళ్లూ ఒకేసారి పనిచేస్తాయో లేదో అది తేలుస్తుంది. జన్మలో ఒక్కసారే ఆ యంత్రం ముందు కూర్చోనిస్తారు. తప్పితే మళ్లీ లేదు. తప్పలేదు. చివరికి డాక్టర్లు నా కాళ్ల పొడుగు కూడా కొలిచి, సరేనన్నారు.

ఇక చేరమని ఉత్తరం రావాలి, అది ఇంటికే వస్తుంది. ఆలోపు మా యూనిట్ వేరే చోటికి కదులుతోంది. నన్ను మిగిలిన సెలవంతా వాడుకొమ్మని, నా సామానంతా తీసుకుపొమ్మని పంపించారు. పెట్టె ఇంటికి రావడం వెనక ఉన్న రహస్యం ఇంతే. కాకపోతే బయల్దేరే ముందు నేను ఒక పని చేశాను. పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన నా సైన్యం నంబరును గరుకు కాగితంతో గీకి, దాని మీద నల్లరంగు పూశాను. కొత్త కొలువులో కొత్త నంబరు ఇస్తారు కదా, రాసుకోవడానికి చోటు ఉండాలనుకున్నాను.

నాయిన పెట్టెను అరుగు మీదికి ఎత్తుతూ మూత మీద బొటనవేలితో తడిమాడు. కొత్త నలుపు పాత నలుపులో కలవలేదు. కింద అంకెల గరుకు ఇంకా తగులుతోంది. నాయినకు చదువు రాదు. కానీ చెరిపిన గుర్తును పట్టడంలో ఆయన్ను మించినవాడు మా చుట్టుపక్కల లేడు.

మా మందలో ప్రతి గొర్రెకూ కుడి తొడ మీద జాజుతో రెండు అడ్డగీతలు ఉంటాయి. ఎర్రమట్టి జాజు. ఎవరి మందకు వాళ్ల గుర్తు. గుర్తు ఉన్న గొర్రె తప్పిపోయినా నాలుగు ఊళ్లు తిరిగి ఇల్లు చేరుతుంది. గుర్తు గీకేసిన గొర్రె అంగట్లోకి వచ్చిందంటే అది దొంగ సొత్తు, లేదా ఎక్కడినుంచో తోలుకొచ్చింది. నా చిన్నప్పుడు పరిగి అంగట్లో అలాంటి మంచి పొట్టేలు సగం ధరకే వస్తుందంటే, నాయిన దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. తొడ మీద ఊడిన బొచ్చు చూపించి, అమ్మేవాడికి వినబడేలా నాకు చెప్పాడు, ఇది చూసినంక ఇంకేం చూసేది లేదని.

ఆ రోజు పెట్టె మీద బొటనవేలు ఆడించి కూడా నాయిన ఏమీ అనలేదు. నేను పైలట్ సంగతంతా చెప్పాను. యంత్రం గురించి చెబితే తల ఊపాడు. కాళ్లు కొలిచారంటే మాత్రం నా కాళ్ల వైపు చూశాడు.

"కాళ్లెందుకు కొలిసిండ్రు?"

"విమానం సీట్ల పట్టాలె గద నాయినా."

"గంతేనా," అని లేచి దొడ్డివైపు పోయాడు. మేం గొర్రెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం గానీ కాళ్లు కొలవం. నా మాట ఆయనకు ఎలా వినబడిందో నాకు తెలియదు, కానీ నిజంలా మాత్రం వినబడలేదు.

ఎదురుచూపు మొదలైంది. ఊళ్లో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నట్టు ఉండేది. ఎవరూ నవ్వకపోతే, ఎందుకు నవ్వడం లేదా అని ఇంకో బాధ. నేను కనబడగానే హోటల్ దగ్గర మాట మారేది. మా అమ్మ నన్ను రెండు పెళ్లిళ్లకు రావద్దంది, ఎండ దెబ్బ తగులుతుందని. మంచుకొండల్లో ఉండొచ్చినవాణ్ని, ఎండకు భయపడతానా? అడిగితే ముఖం తిప్పుకుంది.

తాండూరు నుంచి మా అక్క ఫోన్ చేసి ఒకసారి వచ్చి పొమ్మంది. వెళ్లాను. బావ బండలు పాలిష్ చేసే షెడ్డులో పనిచేస్తాడు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టకుండా నేరుగా షెడ్డుకు తీసుకుపోయాడు. నీళ్లు పోస్తూ యంత్రం తిప్పుతుంటే బూడిదరంగు బండ నున్నగా తేలుతోంది. నేల మీద పాదం మునిగేంత తెల్లటి బురద. బావ ఆ రోదలో నా చెవి దగ్గరికి వంగి, మేస్త్రీ పని ఒకటి ఖాళీ ఉందనీ, సేఠ్ మంచోడనీ, పాత సంగతులు అడగడనీ చెప్పాడు.

పాత సంగతులు ఏంటి బావా అన్నాను. బావ బండ మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడు. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో నా గురించి నేను లేకుండా ఒక పంచాయతీ జరిగిపోయిందని. నేను తప్పు చేసి వచ్చానని తీర్పు కూడా అయిపోయింది. ఆ సాయంత్రం అక్క అన్నం పెడుతూ కళ్లు తుడుచుకుంటుంటే నాకు జాలి వేయలేదు, ఒళ్లు మండింది. తినకుండానే రైలెక్కాను.

ఇంటికి రాగానే నాయిన ఇంకో చిత్రం చేశాడు. చిన్నాయన మందను కర్ణాటక సరిహద్దు వైపు తోలుకుపోతున్నాడు, నువ్వూ తోడు పో అన్నాడు. నేను సైన్యంలో చేరాక ఒక్కసారి కూడా నాయిన నన్ను మంద వెంట పొమ్మనలేదు. మోకాళ్లు నొప్పి, నేను పోలేను అన్నాడు. అప్పుడే దొడ్డి గోడ దూకి వచ్చిన మనిషి ఆ మాట అంటుంటే ఎవరైనా ఏమనుకుంటారు? అయినా ఇంట్లో కూర్చొని ముఖాలు చూడడం కంటే గొర్ల ముఖాలు నయమని గొంగడి తీసుకొని బయల్దేరాను.

సరిహద్దు చేలల్లో కంది కోసేసి ఉంది. రైతులు కన్నడంలో పిలిచి తమ చేలల్లో మంద పెట్టమనేవాళ్లు, ఎరువు పడుతుందని. పొద్దున పూట బీదరులోని వాయుసేన శిక్షణ స్థావరం వైపు నుంచి చిన్న విమానాలు ఆకాశంలో గిర్రున తిరిగి పోయేవి. నేను తలెత్తి చూసేవాణ్ని. చిన్నాయన నన్నే చూసేవాడు. నేను ఎటైనా లేచి నడిస్తే, ఎటు పోతున్నావని అడిగేవాడు. కాపలా గొర్లకు కాదు, నాకేనని అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

తిరిగి వచ్చాక ఇంట్లో అడుగు పెట్టగానే గోడ మీద నా కన్ను పడింది. యూనిఫాంలో నేను దిగిన ఫొటో అక్కడ లేదు. దాని చోట సున్నం తెల్లగా మెరుస్తోంది. అమ్మను అడిగితే అద్దం పగిలిందంది. పగిలిన ముక్కలేవంటే పారేశానంది. ఫొటో ఏదంటే పని ఉన్నట్టు వంటింట్లోకి పోయింది.

ఆ మర్నాడే మా యూనిట్ గుమాస్తా ఫోన్ చేశాడు. నా గురించి పోలీసు ఎంక్వయిరీ జరిగిందనీ, ఆ చిరునామాలో అలాంటి మనిషే లేడని జవాబు వచ్చిందనీ, అందుకే చేరమనే ఉత్తరం ఆపేశారనీ చెప్పాడు. వారంలోగా సరిదిద్దించుకోకపోతే నా పేరు తీసేస్తారు. ఇంకోసారి రాద్దామంటే వయసు దాటిపోతుంది. జన్మలో ఒక్కసారి కూర్చోనిచ్చే యంత్రాన్ని గెలిచి, ఎవడో అన్న ఒక్క మాటతో ఓడిపోబోతున్నాను.

ఎవరు? నా అనుమానం నేరుగా పటేల్ ఇంటికి పోయింది. మా ఊళ్లో ఎక్కువ భూమి ఆయనదే. ఒకప్పుడు మా గొర్లు ఆయన కంది చేనులో పడితే పెద్ద గొడవైంది. నేను సైన్యంలో చేరినప్పుడు కూడా, గొర్లోల్ల పోరడు తుపాకి పట్టుకుంటడా అన్నాడని విన్నాను. ఎంక్వయిరీకి వచ్చినవాళ్లు ఊళ్లో పెద్దమనిషినే కదా అడుగుతారు. అంతా సరిగ్గా అతికింది. కోపంతో ఆయన గేటు తోసుకొని పోయాను.

పటేల్ ఉయ్యాల మీద కూర్చొని మందులు వేసుకుంటున్నాడు. నేను అరిచినదంతా విన్నాడు. తిరిగి అరుస్తాడనుకున్నాను. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"నన్నెవడు అడగలె. అడిగితే మంచిగనే చెప్తుంటి. ఆ వచ్చినాయన సీదా మీ ఇంటికే పోయిండు. మీ నాయిననే అడుగుపో."

నేను నమ్మలేదు. నాయిన అబద్ధం చెప్పడు. అంగట్లో తన గొర్రెకు కుంటు ఉంటే తనే ముందుగా చెప్పే మనిషి. ముందు నిజం తేల్చుకుందామని బస్సెక్కి వికారాబాద్ పోయి, ఎంక్వయిరీ కాగితాలు చూసే ఆఫీసులో హెడ్ కానిస్టేబుల్‌ను కలిశాను. ఆయన ఫైలు తీసి చూసి, నా వైపు జాలిగా చూశాడు. మామూలు బట్టల్లో వచ్చిన తమ మనిషికి తలుపు తీసింది ఒక పెద్దాయన అని చెప్పాడు. ఆ పెద్దాయన అన్నమాట అందులో రాసి ఉంది, నాకు ఒక్కతే బిడ్డ, తాండూరుల ఇచ్చిన, కొడుకులు లేరు అని.

తిరుగు బస్సులో నాకు ఏమీ తోచలేదు. నాయినకు నేనంటే ఇంత అసహ్యమా? గొర్లు వదిలేసినందుకు లోపల ఇన్నేళ్లు ఈ కసి దాచుకున్నాడా? ఒక్కో పాత సంగతీ తవ్వి చూసుకున్నాను. అనుమానించే బుద్ధి ఉన్నవాడికి సాక్ష్యాలకు కొదవ ఉండదు, అన్నీ దొరికాయి.

నాయిన దొడ్డిలో ఒక గొర్రెను ఒడిలో వేసుకొని దాని గిట్టల సందులో ముల్లు తీస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"కొడుకులే లేరన్నవట."

"అవు, అన్న," అన్నాడు తల ఎత్తకుండా. "అనకపోతే నిన్ను తోల్కపోతుండిరి."

నాయిన ముల్లు తీసి పారేసి, గొర్రెను వదిలాడు. అది కుంటుకుంటూ మందలోకి పోయింది.

"నంబరు చెరుపుకొని వచ్చినవ్. ఎందుకు పారిపోయి వచ్చినవని నేనడిగిన్నా? అడగలె. గుర్తు చెరిగిన గొర్రెను నేను అంగట్ల ముట్టుకోలె, నిజమే. గని అది నా ఇంట్ల పుట్టింది కాదు. నువ్వు నా ఇంట్ల పుట్టినవ్."

మోకాళ్ల నొప్పి, సరిహద్దు చేలు, చిన్నాయన కాపలా, గోడ మీది ఫొటో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నన్ను దాచారు. నేను పారిపోయి వచ్చానని నమ్మి, నమ్మి కూడా దాచారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నీ ప్రేమ నా కొంప ముంచింది నాయినా అని అరవాలనిపించింది. అరవలేదు. నేను పారిపోలేదని, ఆ వచ్చినాయన పట్టుకుపోవడానికి కాదు, పైలట్ ఉద్యోగానికి నా గురించి అడగడానికి వచ్చాడని, వికారాబాద్ వచ్చి నిజం చెప్పకపోతే ఆ ఉద్యోగం పోతుందని విడమరిచి చెప్పాను. నమ్మవా అని అడిగాను.

"నమ్మినా నమ్మకున్నా ఏం ఫరక్. ఎప్పుడు పోదాం చెప్పు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నాయిన తలకు రుమాలు చుట్టుకొని సిద్ధమయ్యాడు. చేతిలో ఒక సంచి. లోపల ఒక జత బట్టలు, గొంగడి, పొగాకు. ఎందుకంటే ఊకెనే అన్నాడు. అటునుంచి అటే తాండూరు అక్క దగ్గరికి పోతాడేమో అనుకున్నాను. వాకిట్లో నిలబడ్డ అమ్మ కళ్లు ఎందుకు అంత ఎర్రగా ఉన్నాయో ఆలోచించలేదు. అన్నిటినీ అనుమానించే నేను ఆ సంచిని అనుమానించలేదు.

ఆఫీసులో హెడ్ కానిస్టేబుల్ ముందుకు పోగానే, నేను నోరు తెరిచేలోపే నాయిన చేతులు జోడించాడు.

"సారూ, నాకు కొడుకు ఉన్నడు. గీడే. అబద్ధమాడింది నేను, దాసింది నేను. వానికేం తెల్వది. లోపల ఏస్తే నన్ను ఎయ్యిరి, బట్టలు తెచ్చుకున్న."

సంచిని బల్ల మీద పెట్టాడు. హెడ్ కానిస్టేబుల్ లేచి వచ్చి నాయిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. మీ కొడుకు పారిపోలేదు, ఆఫీసరవుతున్నాడు, అందుకే అడుగుతున్నాం అని ఓపిగ్గా చెప్పాడు. నాయిన అంతా విని, ఆయన్ను కూడా అనుమానంగానే చూశాడు. నిజంగా మంచి పనికే అయితే ఆ రోజు వచ్చినాయన ఖాకీ బట్టలు ఎందుకు వేసుకోలేదని అడిగాడు. హెడ్ కానిస్టేబుల్ మా పద్ధతి అంతే పెద్దాయనా అని, నాయిన చెప్పింది రాసుకొని వేలిముద్ర వేయించుకున్నాడు.

ఇక పోవచ్చన్నాక కూడా నాయిన లేవలేదు. ఇద్దరమూ పోవచ్చా అని అడిగాడు. ఇద్దరూ అన్నాడాయన. అప్పుడు సంచి తీసుకొని లేచాడు. బస్సు వికారాబాద్ దాటాక నా వైపు తిరిగాడు.

"మరి నంబరు ఎందుకు చెరిపినవ్?"

కొత్త నంబరు ఇస్తారని చెప్పాను. గా సంగతి ముందుగాల చెప్తే అయిపోతుండె గద అన్నాడు. నువ్వు అడగలేదు కదా అన్నాను.

ఉత్తరం వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున లేచి చూస్తే నాయిన అరుగు మీద నా పెట్టె ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. పక్కన చిప్పలో జాజు, కుసుమ నూనె పోసి కలిపాడు, వానకు పోకుండా. నేను నంబరు గీకేసిన చోటు వదిలిపెట్టి, మూతకు కుడివైపున రెండు అడ్డగీతలు గీశాడు. గొర్రె తొడ మీద గీసినంత శ్రద్ధగా, చూపుడువేలితో. గోడ మీద నా ఫొటో మళ్లీ వచ్చి ఉంది. అద్దం ఎక్కడా పగల్లేదు.

"కొత్త నంబరు ఎప్పుడన్న ఇయ్యనీ," అన్నాడు వేలు తుడుచుకుంటూ. "గప్పటిదాక ఎవడన్న అడిగితే, నా మందదని చెప్పు."

శిక్షణ మొదటి రోజు ఒక సీనియర్ మా పెట్టెలన్నీ వరసగా పెట్టించి చూశాడు. నా పెట్టె దగ్గర ఆగి, ఈ ఎర్ర గీతలేంటని అనుమానంగా అడిగాడు. మా ఇంటి గుర్తు సర్ అన్నాను. సాయంత్రంలోగా చెరిపెయ్యమన్నాడు. చెరపను సర్ అన్నాను. పెట్టె నెత్తిన పెట్టుకొని మైదానం చుట్టూ పరుగెత్తమన్నాడు. ఆపమనేదాకా పరుగెత్తాను.